స్పర్శతలం చరిత్ర: గాసేజ్ టవర్ నుంచి భోపాల్ స్క్రబ్బర్ దాకా వాయు-ద్రవ రియాక్టర్లు

వ్యాస సంగ్రహం

వాయువును ద్రవానికి తగిలించి, ఒకదానిలోని పదార్థాన్ని రెండోదానిలోకి చేర్చే పరికరాలు ఆధునిక రసాయన పరిశ్రమకు ఆధారం. వీటి చరిత్రను పాఠ్యపుస్తకాలు సాధారణంగా 1923 నాటి రెండు పొరల సిద్ధాంతంతో ప్రారంభిస్తాయి. అయితే అంతకు 87 ఏళ్ల ముందే శోషణ టవర్‌కు పేటెంటు ఉంది. 60 ఏళ్ల ముందే దాని పనితీరును ఒక అంకెతో నిర్బంధించిన చట్టం ఉంది. పరికరం, చట్టం, సిద్ధాంతం అనే ఈ క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. టవర్ కట్టడం కంటే టవర్ ఎంత పట్టుకుంటున్నదో కొలవవలసి రావడమే ఈ శాస్త్రానికి పునాది వేసిందని ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదన వెలుగులో 1984 నాటి భోపాల్ దుర్ఘటనలో కాస్టిక్ సోడా టవర్ స్థానాన్ని చర్చిస్తుంది.

కీలక పదాలు: వాయు-ద్రవ స్పర్శ, శోషణ, లెబ్లాన్ సోడా, క్షార చట్టం, రెండు పొరల సిద్ధాంతం, స్క్రబ్బర్, భోపాల్

1. విషయ ప్రవేశం

వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లడం మన ఇళ్లలో పాత అలవాటు. వడగాలి ఆ తడి వేళ్ల సందుల్లోంచి వచ్చేసరికి చల్లబడుతుంది. ఒక బకెట్ నీళ్లు గుమ్మం పక్కన పెడితే గాలి చల్లబడదు. అవే నీళ్లను వేళ్లమీద పలుచగా పరిస్తే చల్లబడుతుంది. రెండు సందర్భాల్లోనూ నీరు అంతే, గాలి అదే. మారింది ఆ రెండూ తగులుకునే వైశాల్యం. ఈ వ్యాసంలో దానినే ‘స్పర్శతలం’ అంటున్నాను.

తడికలో పదార్థం నీటినుంచి గాలిలోకి పోతుంది. దిశను తిప్పి, గాలిలోని ఒక వాయువు నీటిలోకి వచ్చేలా చేస్తే అది శోషణ. వచ్చిన వాయువు ద్రవంలోని మరో పదార్థంతో రసాయన చర్య కూడా జరిపితే ఆ పరికరం వాయు-ద్రవ రియాక్టర్ అవుతుంది. పారిభాషిక పదం గురించి ఒక మాట. ‘శోషణ’ అనగానే సాహిత్య విద్యార్థికి ఎండిపోవడం, సొమ్మసిల్లడం స్ఫురిస్తాయి. విజ్ఞానశాస్త్ర గ్రంథాల్లో మాత్రం ఒక పదార్థాన్ని మరొకటి తన లోపలికి పీల్చుకోవడం అనే అర్థం స్థిరపడింది. ఉపరితలానికి మాత్రమే అంటుకునే ‘అధిశోషణ’ వేరు. ఇక్కడ మొదటిదే ప్రస్తుతం.

స్పర్శతలాన్ని పెంచాలన్న ఆలోచన ప్రయోగశాలలో పుట్టలేదు. ఉత్పత్తి పెంచాలన్న ఆశతోనూ పుట్టలేదు. పొలాల్లో చెట్లు మాడిపోతున్నాయని పొరుగువారు కోర్టుకెక్కిన చోట పుట్టింది.

2. ఉప్పునుంచి సోడా, చిమ్నీనుంచి ఆమ్లం

గాజు, సబ్బు, వస్త్ర పరిశ్రమలకు సోడా కావాలి. పద్దెనిమిదో శతాబ్దిలో అది ఎక్కువగా సముద్రతీర మొక్కల బూడిదనుంచి వచ్చేది. 1791లో నికొలా లెబ్లాన్ అనే ఫ్రెంచి వైద్యుడు మామూలు ఉప్పునుంచి సోడా తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఉప్పును గంధకామ్లంతో కాచి సోడియం సల్ఫేటు చేయడం మొదటి మెట్టు. దాన్ని సున్నపురాయి, బొగ్గుతో కలిపి కొలిమిలో కాల్చి, వచ్చిన నల్లబూడిదను నీటితో కడిగి సోడా తీయడం రెండోది. విప్లవకాలంలో లెబ్లాన్ కార్ఖానా ప్రభుత్వపరమైంది. 1806లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన పద్ధతి మాత్రం ఇంగ్లండులో ఉప్పుపన్ను తొలగిన 1820లలో విజృంభించింది. జేమ్స్ మస్‌ప్రాట్ 1823లో లివర్‌పూల్‌లో ఈ పరిశ్రమను ప్రారంభించాడు.

చిక్కంతా మొదటి మెట్టులో ఉంది. ఉప్పు గంధకామ్లంతో కలిసినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అణుభారాల లెక్క ప్రకారం 100 కిలోల ఉప్పుకు సుమారు 62 కిలోల వాయువు. అంటే ఈ పరిశ్రమ సోడాతోపాటు అంతకు పెద్దగా తీసిపోని బరువులో విషవాయువునూ తయారుచేసింది. దానికి కొనేవారు లేరు కనుక చిమ్నీలోంచి ఆకాశంలోకి వదిలారు. అది గాలికంటే బరువైనది. తేమ తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు మంచు అవుతుంది. కార్ఖానాల చుట్టూ పైర్లు మాడాయి, చెట్లు ఆకురాల్చాయి, ఇళ్లలోని లోహపు సామాను తుప్పుపట్టింది.

యజమానులకు మొదట తోచిన పరిష్కారం చిమ్నీ ఎత్తు పెంచడం. గ్లాస్గోలోని సెయింట్ రోలాక్స్ కార్ఖానాలో 1842లో నిర్మించిన చిమ్నీ 400 అడుగులకు పైబడినది. దీనివల్ల దగ్గర పొలాలకు కొంత ఉపశమనం కలిగింది, దూరపు పొలాలకు నష్టం మొదలైంది. ఎవరి చిమ్నీ ఎవరి చెట్టును మాడ్చిందో కోర్టులో తేల్చడం కష్టమైంది. ఫిర్యాదు చేసినవాడికి నిరూపించే దారి మూయడంలో ఎత్తైన చిమ్నీ యజమానికి తోడ్పడిందనడం అతిశయోక్తి కాదు. అయినా 1838లో లివర్‌పూల్ నగరపాలక సంస్థ మస్‌ప్రాట్‌మీద దావా వేసి నెగ్గింది. దావాల వేధింపు ఆయనను చోటునుంచి చోటుకు తరిమింది.

3. గాసేజ్ టవర్

1836లో విలియం గాసేజ్ అనే రసాయన వ్యాపారి తన శోషణ టవర్‌కు పేటెంటు తీసుకున్నాడు. వూస్టర్‌షైర్‌లోని స్టోక్ ప్రయర్ అనే ఊళ్లో ఆయనకు సోడా కార్ఖానా ఉండేది. అక్కడ పాడుబడిన ఒక గాలిమరను ముళ్లకంపలతో నింపి, పైనుంచి నీరు వదిలి, వాయువును అందులోంచి నడిపి చూశాడని ప్రసిద్ధమైన కథనం. తర్వాతి టవర్లలో కంపల స్థానంలోకి కోక్ బొగ్గు, ఇటుక, కాల్చిన మట్టిముక్కలు వచ్చాయి.

హైడ్రోజన్ క్లోరైడ్ నీటిలో కరగని వాయువేమీ కాదు. మామూలు ఉష్ణోగ్రతలో ఒక లీటరు నీరు 400 లీటర్లకు మించి ఆ వాయువును కరిగించుకోగలదు. అలాంటప్పుడు నీటిగుంటమీదుగా పొగను పంపితే చాలదా? చాలదు. ద్రావణీయత ‘చివరికి ఎంత కరుగుతుంది’ అన్నదానికి జవాబు. చిమ్నీలో పరుగెత్తే పొగకు నీటిదగ్గర నిలిచే వ్యవధి కొన్ని క్షణాలే. ఆ క్షణాల్లో ఎంత కరుగుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు స్పర్శతలంలో ఉంది.

ఒక చిన్న లెక్క వేయవచ్చు. ఒక లీటరు నీటిని ఒకే గోళంగా ఊహిస్తే దాని ఉపరితలం సుమారు 0.05 చదరపు మీటరు. అదే నీటిని 2 మిల్లీమీటర్ల వ్యాసం గల బిందువులుగా చెదరగొడితే మొత్తం ఉపరితలం 3 చదరపు మీటర్లు, అంటే 60 రెట్లు. గాసేజ్ నీటిని బిందువులుగా కాక పలుచని పొరగా పరిచాడు. ముళ్లకంపల ప్రతి రెమ్మా ఒక తడి ఉపరితలమైంది. వేరొక మేలు కూడా కలిగింది. వాయువు కొమ్మకొమ్మకూ దిశ మార్చుకుంటూ పోవలసి రావడంతో నీటికి తగలకుండా నేరుగా జారిపోయే భాగం తగ్గింది.

రెండో విశేషం వాటి నడక. గాసేజ్ తొలి టవర్‌లో వాయువు నీటితోపాటు పైనుంచి కిందికే దిగిందని చెబుతారు. తర్వాతి కాలంలో వాయువు కిందినుంచి పైకి, నీరు పైనుంచి కిందికి పోయే ఎదురునడక సర్వసాధారణమైంది. ఎదురునడకలో టవర్ వదిలి వెళ్లబోయే బాగా పలచబడిన వాయువుకు అప్పుడే దిగుతున్న స్వచ్ఛమైన నీరు తగులుతుంది. అడుగున చిక్కని వాయువుకు చిక్కని ఆమ్లం తగులుతుంది. ఆ విధంగా టవర్ పొడవునా కరగడానికి ప్రేరణ మిగిలే ఉంటుంది. ఇదంతా సమీకరణాలు రాకముందే మేస్త్రీల చేతుల్లో స్థిరపడిన జ్ఞానం.

గంధకామ్ల పరిశ్రమలోనూ ఇటువంటి ఆలోచనే సాగుతూ ఉంది. సీసపు గదుల్లోంచి వృథాగా పోయే నైట్రోజన్ ఆక్సైడులను గంధకామ్లంతో పట్టి తిరిగి వాడుకోవచ్చని గే-లూసాక్ 1827లో సూచించాడు. పట్టిన ఆక్సైడులను ఆమ్లంలోంచి విడిపించే జాన్ గ్లోవర్ టవర్ 1859లో వచ్చింది. ఈ రెండింటికీ గాసేజ్ టవర్‌కూ ఒక తేడా ఉంది. ఆ టవర్లు పట్టుకున్నది ఖరీదైన సరుకు, అందువల్ల యజమానులు వాటిని తమంతట తామే శ్రద్ధగా నడిపారు. గాసేజ్ టవర్ పట్టుకున్న పలుచని ఆమ్లాన్ని మాత్రం చాలాచోట్ల కాలువలో పోయవలసి వచ్చింది. నీటికి, పంపులకు, నిర్మాణానికి ఖర్చు. రాబడి సున్నా.

4. తొంభై ఐదు శాతం

పేటెంటుకూ చట్టానికీ మధ్య 27 ఏళ్లు గడిచాయి. ఈ వ్యవధిని పరికరం తెలియకపోవడం వల్ల కలిగిన ఆలస్యంగా చూపడం సరికాదు. 1862 నాటికి చాలా సోడా కార్ఖానాల్లో టవర్లు ఉన్నాయి. ఉన్నవాటిలో కొన్ని చిన్నవి, కొన్నింటికి నీరు చాలదు, కొన్ని రాత్రివేళ నడిచేవి కావు. పైగా వాయువు రెండు చోట్లనుంచి వస్తుంది. ఉప్పును ఆమ్లంతో కాచే పాత్రనుంచి వచ్చేది చిక్కనిది, చల్లార్చి పట్టడం తేలిక. తర్వాత కొలిమిలో కాల్చినప్పుడు వచ్చేది వేడి పొగలో కలిసిపోయి పలచబడుతుంది, పట్టడం కష్టం. పాత్రనుంచి వచ్చే వాయువును టవర్‌కు పంపి, కొలిమి పొగను చిమ్నీకి వదిలి, ‘మాకు టవర్ ఉంది’ అనే వీలు ఉండేది.

1862లో లార్డ్ డెర్బీ చొరవతో ప్రభువుల సభ ఒక విచారణ సంఘాన్ని వేసింది. ఆయన నోస్లీ ఎస్టేటు సోడా కార్ఖానాలున్న సెయింట్ హెలెన్స్‌కు సమీపంలోనే ఉంది. సంఘం ప్రధానంగా విన్నది భూమి, చెట్లు, పంటల నష్టం గురించి. కొలిమిముందు నిలబడి పనిచేసే కూలీల పళ్లు ఆమ్లపు ఆవిరికి అరిగిపోయేవి. ఆ ప్రస్తావన ఈ చట్టానికి ప్రేరణ కాలేదు. చరిత్రకారులు సాధారణంగా మెచ్చుకునే ఈ చట్టం ఎవరి బాధను లెక్కలోకి తీసుకుందో గుర్తుంచుకోవడం అవసరమనుకుంటాను.

1863లో క్షార చట్టం వచ్చి 1864 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో టవర్ ఇలా కట్టాలని, కోక్ నింపాలని, ఇంత ఎత్తుండాలని లేదు. వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్‌లో కనీసం 95 శాతాన్ని పట్టాలి అని మాత్రమే ఉంది. ఈ ఒక్క వాక్యం పరికరం గురించిన చర్చను పనితీరు గురించిన చర్చగా మార్చింది.

95 శాతం అని ఎలా తేల్చాలి? చట్టం కింద తొలి ఇన్‌స్పెక్టరుగా నియమితుడైన రాబర్ట్ ఆంగస్ స్మిత్ రసాయనవేత్త. ఆయనకు నలుగురు సహాయకులు. కార్ఖానా ఎంత ఉప్పు వాడిందో తెలిస్తే ఎంత వాయువు పుట్టిందో లెక్క కట్టవచ్చు. ఎంత తప్పించుకుందో మాత్రం చిమ్నీలోనే కొలవాలి. తెలిసిన పరిమాణంలో పొగను పీల్చి, నీటిలో బుడగలుగా నడిపి, వెండి నైట్రేటుతో అందులోని క్లోరైడును లెక్కించాలి. పొగ వేగం కూడా తెలియాలి. వేడి, మసి, ఆమ్లం నిండిన చిమ్నీలో తిరిగే రెక్కల పరికరాలేవీ నిలవవు. సహాయకుల్లో ఒకరైన ఆల్‌ఫ్రెడ్ ఫ్లెచర్ పొగలోకి రెండు గొట్టాలు దూర్చి, వాటి పీడనభేదాన్ని ఈథర్ మట్టాల తేడాగా చదివే వేగమాపకాన్ని రూపొందించాడు. ఇందులో ఒక చమత్కారం ఉంది. టవర్‌ను పరీక్షించడానికి ఇన్‌స్పెక్టరు సంచిలో తీసుకెళ్లిన బుడగల సీసా కూడా ఒక వాయు-ద్రవ స్పర్శ పరికరమే.

మొదటి ఏటి నివేదికలోనే కార్ఖానాల సగటు చట్టం కోరిన 95 శాతాన్ని దాటింది. ఇన్నేళ్లూ అసాధ్యమన్నది ఒక్క ఏడాదిలో ఎలా సాధ్యమైందన్నదానికి నాకు తోచే సమాధానం ఒకటే. టవర్లు ఉన్నవే. నీరు ఎక్కువ వదిలారు, వాయువును ముందుగా చల్లార్చారు, చట్రాల్లోని కంతలు పూడ్చారు. వాయువు కరిగేటప్పుడు వేడి పుడుతుంది, వేడెక్కిన నీటిలో వాయువు తక్కువగా కరుగుతుంది. కనుక చల్లార్చడం ఒక్కటే చాలా మార్పు తెచ్చి ఉండాలి. ఎవరో కొలుస్తారని తెలిసిన తర్వాతే కార్ఖానాదారు తన టవర్‌ను నిజంగా చూడడం మొదలుపెట్టాడు.

శాతం కొలబద్దలో ఒక లోపం ఉంది. ఉత్పత్తి రెట్టింపైతే తప్పించుకునే 5 శాతం కూడా రెట్టింపవుతుంది. పది కార్ఖానాలు ఒకేచోట చేరితే చట్టాన్ని పాటిస్తూనే ఊరిని మాడ్చవచ్చు. అందుకే 1874 సవరణలో ఘనపుటడుగు పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ 0.2 గ్రెయిన్ మించరాదని గాఢత పరిమితిని చేర్చారు. ఇతర విషవాయువుల విషయంలో ఆచరణసాధ్యమైన ఉత్తమ పద్ధతులు వాడాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది.

పట్టిన ఆమ్లం ఏమైంది? మొదట నదుల్లో కలిసింది. తర్వాత వెల్డన్, డీకన్ పద్ధతులతో దానినుంచి క్లోరిన్ తీసి, సున్నంతో బ్లీచింగ్ పౌడర్‌గా అమ్మారు. ఒకప్పుడు శాపమైన వాయువు కొన్నేళ్లలో లెబ్లాన్ పరిశ్రమకు ముఖ్య ఆదాయమైంది. అయితే బ్లీచింగ్ పౌడర్ గదుల్లోకి దిగి పొడిని పీపాల్లోకి ఎత్తే కూలీలు ముక్కూ నోరూ ఫ్లానెల్ గుడ్డ మడతలతో బిగించి కట్టుకుని క్లోరిన్‌లో పనిచేశారు. చెట్లకు దక్కిన రక్షణ వారికి దక్కలేదు.

5. తనిఖీనుంచి శాస్త్రానికి

ఇన్‌స్పెక్టర్లు కార్ఖానానుంచి కార్ఖానాకు తిరిగారు. ఒకే పనిని పదిచోట్ల పది రకాలుగా చేయడం చూశారు. ఇటువంటి ఇన్‌స్పెక్టర్లలో ఒకడు జార్జ్ ఎడ్వర్డ్ డేవిస్. ఆయన 1887లో మాంచెస్టర్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు, వాటినుంచి పెరిగి 1901లో వెలువడిన రసాయన ఇంజనీరింగ్ కరదీపిక ఈ శాస్త్రశాఖకు ఆరంభంగా గుర్తింపు పొందాయి. సోడా, గంధకామ్లం, తారు అని పరిశ్రమలవారీగా కాక, వేడిచేయడం, ఆవిరిచేయడం, శోషించడం అని పనులవారీగా ఆలోచించడం ఆయన ప్రత్యేకత. ఒకే పరిశ్రమలో జీవితం గడిపినవారికి ఈ చూపు అలవడడం కష్టం. అన్నింటినీ కొలవడమే ఉద్యోగమైనవాడికి సహజంగా వస్తుంది. కాలుష్య నియంత్రణను రసాయన ఇంజనీరింగ్‌కు తర్వాత అతికించిన అధ్యాయంగా బోధించడం ఈ కారణంగా చారిత్రకంగా తలకిందులు.

టవర్ లోపల నింపే సామగ్రి విషయంలో పెద్ద మార్పు ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో వచ్చింది. కోక్ ముక్కలు ఎగుడుదిగుడుగా ఉండి ఒకచోట దారి మూసి, మరోచోట తెరుస్తాయి. లుడ్విగ్‌షాఫెన్‌కు చెందిన రసాయనవేత్త ఫ్రిట్జ్ రాషిగ్ పొడవూ వ్యాసమూ సమానంగా ఉండే చిన్న బోలు ఉంగరాలను ప్రవేశపెట్టాడు. వాటిని పేర్చనక్కర లేదు, గంపతో పోస్తే చాలు. 25 మిల్లీమీటర్ల పింగాణీ ఉంగరాలు నింపిన ఒక ఘనపు మీటరులో సుమారు 190 చదరపు మీటర్ల ఉపరితలం దొరుకుతుంది, సగానికి పైగా చోటు వాయువుకు ఖాళీగానే ఉంటుంది. ముఖ్యంగా ఇప్పుడు ఒక టవర్‌లో పొందిన అంకె మరో టవర్‌కు వర్తించసాగింది. సిద్ధాంతానికి అవసరమైన క్రమబద్ధత పరికరంలోకి వచ్చింది.

6. పొరలు, తాజా తలాలు

1923లో విట్‌మన్, ఆ మరుసటి ఏడాది ల్యూయిస్‌తో కలిసి, రెండు పొరల సిద్ధాంతాన్ని వివరించారు. వాయువు ఎంత సుడులు తిరిగినా ద్రవానికి ఆనుకున్న చోట ఒక పలుచని నిశ్చల పొర మిగులుతుంది. ద్రవంవైపూ అలాంటిదే ఉంటుంది. అణువు ఈ రెండు పొరలనూ వ్యాపనం ద్వారా మెల్లగా దాటాలి. సరిగ్గా స్పర్శతలం దగ్గర రెండు వైపులూ సమతాస్థితిలో ఉంటాయి. మొత్తం అవరోధం ఈ రెండు పొరలదే.

ఈ చిత్రం గాసేజ్ నాటి అనుభవాలకు అర్థం చెప్పింది. హైడ్రోజన్ క్లోరైడ్ నీటిలో అమితంగా కరుగుతుంది కనుక ద్రవపు పొర దానికి అడ్డు కాదు. వాయుపు పొరే అడ్డు, కాబట్టి వాయువును కలచాలి. ఆక్సిజన్ ఇందుకు విరుద్ధం. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలికి తెరిచి ఉంచిన లీటరు నీటిలో కరిగేది సుమారు 8 మిల్లీగ్రాములే. దానికి ద్రవపు పొరే అడ్డు, కాబట్టి ద్రవాన్ని కలచాలి. ఏ వైపు అవరోధం ఉందో తెలియకుండా మోటారు బలం పెంచడం వృథా.

కరిగిన వాయువు ద్రవంలో చర్యకు లోనైతే? జపాను శాస్త్రవేత్త షిరోజి హట్టా ఈ ప్రశ్నను 1930 ప్రాంతంలో పరిష్కరించాడు. చర్య నెమ్మదైతే వాయువు పొరను దాటి లోపలి ద్రవమంతటా వ్యాపించి చర్య పొందుతుంది. అప్పుడు ద్రవం మొత్తం పరిమాణం ముఖ్యం. చర్య వేగమైతే వాయువు పొర దాటకముందే ఖర్చయిపోతుంది. అప్పుడు స్పర్శతలం ముఖ్యం, లోపలి ద్రవం కేవలం నిల్వ సరుకు. నేటికీ రియాక్టర్ ఎంపికలో మొదటి ప్రశ్న ఇదే. వేగమైన చర్యకు రాషిగ్ ఉంగరాల టవర్ తగినది. నెమ్మది చర్యకు ద్రవం నిండుగా నిలిచి, అడుగునుంచి బుడగలు లేచే స్తంభం తగినది.

నిశ్చల పొర అనేది లెక్కకు వీలైన ఊహే కాని, పారుతున్న ద్రవంలో అలాంటిది కంటికి కనబడదు. హిగ్బీ 1935లో స్పర్శ వ్యవధి చిన్నదైతే అణువులు కొత్త ద్రవంలోకి ఎంత లోతు చొచ్చుకుపోతాయో లెక్కించాడు. పీటర్ డాంక్‌వర్ట్స్ 1951లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. సుడుల వల్ల తలంమీది ద్రవం లోపలికి పోయి, లోపలిది పైకి వస్తుంది. తలం నిరంతరం కొత్తదవుతుంది. ఏ ముక్క ఎంతసేపు తలంమీద ఉంటుందన్నది యాదృచ్ఛికం. యుద్ధకాలంలో లండన్‌లో పడిన మందుపాతరలను నిర్వీర్యం చేసి జార్జ్ క్రాస్ పొందిన డాంక్‌వర్ట్స్ తర్వాత కేంబ్రిడ్జిలో ఆచార్యుడయ్యాడు. అక్కడ ఆయన దగ్గర పరిశోధించిన ఎం. ఎం. శర్మ బొంబాయి విశ్వవిద్యాలయ రసాయన సాంకేతిక విభాగానికి తిరిగివచ్చి ఈ రంగంలో ఒక పరంపరను నెలకొల్పాడు. ఉంగరాల ఉపరితలమంతా తడవదు, బుడగలన్నీ ఒకే సైజులో ఉండవు. కనుక టవర్‌లో నిజంగా పనిచేసే స్పర్శతలం ఎంత? వేగం ముందే తెలిసిన రసాయన చర్యను ఆ పరికరంలో నడిపి, వాయువు ఎంత ఖర్చయిందో చూసి, దానినుంచి వైశాల్యాన్ని రాబట్టే పద్ధతులు శర్మ, ఆయన శిష్యుల చేతుల్లో బలపడ్డాయి. గాసేజ్ ముళ్లకంపలతో అందాజుగా పెంచిన దాన్ని కొలవగలగడానికి 120 ఏళ్లకు పైగా పట్టింది.

ఈ మధ్యకాలంలో టవర్ వ్యర్థాలను పట్టే స్థాయినుంచి సరుకు చేసే స్థాయికి మారింది. బెల్జియానికి చెందిన ఎర్నెస్ట్ సాల్వే 1860లలో అమ్మోనియా కలిపిన ఉప్పునీటిని స్తంభంలో కిందికి దించుతూ, కార్బన్ డయాక్సైడును పైకి పంపి, సోడియం బైకార్బొనేటును అవక్షేపింపజేశాడు. లెబ్లాన్ పద్ధతిని చివరికి అంతమొందించింది ఈ స్తంభమే. 1944లో పెన్సిలిన్‌ను పెద్ద ఎత్తున తీయగలిగింది లోతైన తొట్లలో శిలీంధ్రానికి గాలిబుడగలు అందించి కలచడం వల్ల. అక్కడా చిక్కు ఆ 8 మిల్లీగ్రాముల ఆక్సిజనే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా సంచాలకుడుగా ఉన్న లెడర్లీ సంస్థనుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కూడా గాలి ఊదే తొట్లలో పెరిగిన సూక్ష్మజీవి ఫలమే.

7. భోపాల్ టవర్

దొరైస్వామి, శర్మ కలిసి రాసిన విజాతీయ చర్యల బృహద్గ్రంథం రెండు సంపుటాలుగా 1984లో వెలువడింది. రెండో సంపుటం ద్రవాలతో కూడిన చర్యలకు సంబంధించినది. అదే ఏడాది డిసెంబర్ 2 రాత్రి భోపాల్‌లో, ఈ శాస్త్రం ఏ పనికోసం పుట్టిందో ఆ పనికోసమే పెట్టిన ఒక టవర్ నిరర్థకంగా నిలబడింది.

యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారంలో మిథైల్ ఐసోసయనేట్ నిల్వచేసిన తొట్టెలనుంచి వాయువు తప్పించుకుంటే పట్టడానికి ఒక స్క్రబ్బర్ ఉంది. ఉంగరాల వంటి సామగ్రి నింపిన టవర్ అది. పైనుంచి కాస్టిక్ సోడా ద్రావణం దిగాలి, కిందినుంచి వాయువు ఎక్కాలి. రూపంలో గాసేజ్ టవరే, నీటికి బదులు క్షారం. ఆ రాత్రి నీరు చేరిన తొట్టెలో ఉష్ణోగ్రత 200 డిగ్రీలకు పైగా పెరిగి, సుమారు 40 టన్నుల పదార్థంలో అధికభాగం రెండు గంటల లోపే వెలుపలికి వచ్చింది. నిల్వను చల్లగా ఉంచవలసిన శీతలీకరణ యంత్రాన్ని అంతకు నెలల ముందే ఆపారు. వాయువును కాల్చవలసిన మంట గొట్టం మరమ్మతుకోసం విడదీసి ఉంది. నీటి చిమ్ములు వాయువు వెలువడిన ఎత్తును అందుకోలేదు. స్క్రబ్బర్ స్టాండ్‌బైలో ఉంది.

స్క్రబ్బర్ నడిచి ఉంటే ప్రజలు బతికేవారా అన్నది తరచు వినిపించే ప్రశ్న. ఈ వ్యాసంలో చర్చించిన విషయాలను వరుసగా ఆ టవర్‌కు అన్వయించి చూడవచ్చు. ఆ రాత్రి వెలువడిన వేగం స్క్రబ్బర్ రూపకల్పనలో ఊహించిన వేగానికి ఎన్నో రెట్లు. వాయువు రెట్టింపు వేగంతో వస్తే టవర్‌లో దాని స్పర్శ వ్యవధి సగమవుతుంది. ఎన్నో రెట్లయితే ఎదురుగా దిగుతున్న ద్రవాన్నే అది పైకి నెట్టివేస్తుంది, ఉంగరాలమీద పొర నిలవదు. మిథైల్ ఐసోసయనేట్ క్షారంతో జరిపే చర్య వేడిని పుట్టిస్తుంది. వచ్చే వాయువే మరిగే వేడిలో ఉంది. వాయువుకు సరిపడా క్షారం కూడా ఉండాలి, ఎందుకంటే వేగమైన చర్యలో క్షారం తలందగ్గర ముందే అయిపోతుంది. ఈ లెక్కల ప్రకారం పూర్తి సన్నద్ధతతో నడిచినా ఆ టవర్ అందులో కొంత భాగాన్నే పట్టగలిగేది. స్టాండ్‌బైలో ఉండడం నిర్లక్ష్యం. ఊహించదగిన ఘోరమైన వేగానికి కాక, మామూలు చిన్న లీకులకు మాత్రమే సరిపడే టవర్‌ను అంత పెద్ద నిల్వపక్కన రక్షణగా చూపడం అంతకు ముందే, కాగితంమీద జరిగిన తప్పు.

1862 నాటి కార్ఖానాదారు ‘మాకు టవర్ ఉంది’ అన్నట్టే, భోపాల్‌లోనూ రక్షణ పరికరాల జాబితాలో టవర్ ఉంది. స్మిత్, ఫ్లెచర్‌లు చిమ్నీలోకి గొట్టం దూర్చి అడిగిన ప్రశ్నను ఇక్కడ ఆ స్క్రబ్బర్ విషయంలో గట్టిగా అడిగి, జవాబును అంకెల్లో రాబట్టిన తనిఖీ జరగలేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చింది. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణ ప్రమాదకర ప్రక్రియలకు ప్రత్యేక అధ్యాయాన్ని చేర్చి, ప్రమాదాల వివరాలను కార్మికులకు, చుట్టుపక్కల ప్రజలకు యజమాని వెల్లడించాలని నిర్దేశించింది. 1863 చట్టం చెట్ల పక్షాన మాట్లాడింది. ఈ సవరణలో పొరుగున నివసించే మనిషి పేరెత్తారు, అదీ వేల ప్రాణాలు పోయిన తర్వాత. భోపాల్‌లో ఆ యూనిట్ తుప్పుపట్టిన ఉక్కు కట్టడం కర్మాగారపు ఆవరణలో ఇప్పటికీ నిలబడి ఉంది.